తత్వాల ఆల్బమ్ విన్నవాళ్ళు ఏమన్నారంటే

ఏకతార, చిడతలు, పాడే గొంతు ఒకటి, వంత పాడే గొంతు ఒకటి. మేము విడుదల చేసిన తత్వాల, అంటే గురువులు పాడిన వేదాంత పాటల, ఆల్బమ్‌లో ఉన్నది ఇంతే. కీబోర్డు లేదు, తబలా లేదు, రిథమ్ ప్యాడ్ లేదు. పాటలు ఎనిమిది. పాడింది కడప జిల్లా మైదుకూరు ప్రాంతంలోని మా అమ్మమ్మగారి ఊరి తాత. రక్తసంబంధం లేదు కానీ ఊరి వరసలో తాత అవుతారు. వంత పాడింది ఆయన భార్య, మా అవ్వ. రికార్డు చేయడం, విడుదల చేయడం, విన్నవాళ్ళ మాటలు పోగుచేసి తీసుకెళ్ళి వాళ్ళిద్దరికీ వినిపించడం నా వంతు. మొదటి రెండు పనులూ అడిగి తెలుసుకుని చేయగలిగినవే. మూడోది అలా కాదు. తత్వం విన్న మనిషి ఏమంటాడో, ఆ మాటను పాడినవాళ్ళు ఎలా తీసుకుంటారో పక్కన కూర్చుని చూసే అవకాశం అరుదుగా వస్తుంది. నాకు వచ్చింది కాబట్టి రాసి పెడుతున్నాను.

ఆ ప్రాంతంలో తత్వం ఇప్పటికీ నోళ్ళలో ఉన్న పాట. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సమాధి ఉన్న కందిమల్లాయపల్లె, ఇప్పుడు అందరూ బ్రహ్మంగారి మఠం అంటున్న ఊరు, మైదుకూరుకు దగ్గరే. ఆయన శిష్యుడు దూదేకుల సిద్ధయ్య మఠం ముడుమాలలో ఉంది. ఏటా వైశాఖ శుద్ధ దశమికి జరిగే ఆరాధనకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి భజన బృందాలు తరలివస్తాయి. తాత చిన్నతనంలో తండ్రి వెంట అక్కడికి నడిచి వెళ్ళేవారట. శరీరాన్ని తొమ్మిది వాకిళ్ళ ఇల్లుగా, ఆరు చక్రాలను ఎక్కవలసిన మెట్లుగా చెప్పే పాటలు ఇవి. ఇడ, పింగళ, సుషుమ్న అన్న నాడుల పేర్లు యోగశాస్త్రం ఎన్నడూ తిరగేయని రైతుల నోట అలవోకగా పలుకుతాయి. ఆఖరి చరణంలో ముద్ర పడుతుంది. పాట కట్టినవారి పేరో, వారి గురువు పేరో అక్కడ వినిపిస్తుంది. తాత మాత్రం గురువుల పేర్లు వరసగా తలచుకోకుండా పల్లవి కూడా ఎత్తుకోరు.

ఇంటర్నెట్‌లో తత్వాలు దొరకవని కాదు, కావలసినన్ని దొరుకుతాయి. అయితే చాలావాటిలో పాడే మనిషి ఊపిరి తీసుకునే చోట కూడా ఏదో ఒక వాద్యం దూరి ఉంటుంది. తత్వం మెల్లగా తలకెక్కే పాట. ఒక చరణం విన్నాక, ఇందాక చెప్పిన ఇల్లు ఏ ఇల్లు, ఆ వాకిళ్ళు ఎక్కడివి అని మనసు కాసేపు వెతుక్కోవాలి. ఆ వెతుక్కునే వ్యవధి పాటలోనే ఉండాలన్నది నా పట్టుదల. అందుకే వాద్యాలు చేర్చనన్నాను. తాతకు ఇందులో చెప్పుకోదగ్గ విశేషమేమీ కనబడలేదు. ఆయన పాడేదే అలా.

రికార్డింగ్ వాళ్ళ మట్టి మిద్దె ఇంట్లోనే చేశాం. రామాలయంలో చేద్దామని ఊరివాళ్ళు అన్నారు కానీ, అక్కడ గచ్చు నేల, సున్నపు గోడలు. చిడత ఒకసారి మోగితే దాని ప్రతిధ్వని తర్వాతి మాట మీద పడుతోంది. మిద్దె ఇంట్లో మూరెడు మందం మట్టి గోడలు, ఒక మూల వేరుశనగ బస్తాలు, దండెం మీద బొంతలు. ప్రతిధ్వని అన్నదే లేదు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేశాం. కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దం దూరకుండా బ్యాటరీతో నడిచే రికార్డర్ వాడాం. తాత గొంతుకు ఒక మైకు, ఏకతార బుర్రకు ఒకటి పెట్టాం. చిడతలు కొట్టే అబ్బాయిని గడప అవతల కూర్చోబెట్టాం, లేకపోతే ఆ చప్పుడు మిగతా అన్నింటినీ మింగేసేది. పక్క పొలంలో బోరు మోటారు ఆగేదాకా వేచి ఉండి, రాత్రిపూట పాడించాం. మోటారు ఆగింది కానీ కీచురాళ్ళు ఆగలేదు. రెండు పాటల్లో అవి స్పష్టంగా వినిపిస్తాయి.

శ్రుతి సంగతి ఒకటి చెప్పాలి, తర్వాత వచ్చిన స్పందనల్లో ఇది పెద్ద చర్చే అయింది. తాత ఏకతార తీగను హార్మోనియానికి సరిచూసుకోరు, తన గొంతుకు సరిచూసుకుంటారు. ఆ రాత్రి ఆయన గొంతు ఎంత పలికితే శ్రుతి అంత. కొలిచి చూస్తే ఒకటిన్నర శ్రుతికీ రెండు శ్రుతికీ మధ్యలో ఎక్కడో నిలిచింది. ఆ మధ్య స్వరం హార్మోనియంలో ఉండదు. కాబట్టి తర్వాత ఎవరైనా కీబోర్డు కలుపుదామన్నా, పాటను సాఫ్ట్‌వేర్‌తో పైకో కిందికో జరపకుండా కుదరదు. జరపడానికి నేను ఒప్పుకోలేదు.

మరో సంగతి ఐదో పాటలో జరిగింది. రెండో చరణం అయ్యాక తాతకు తర్వాతి చరణం వెంటనే తట్టలేదు. ఆయన ఆగలేదు, ఏకతార మీటుతూనే ఉన్నారు. అవ్వ అందించబోయి ఊరుకుంది. అలా దాదాపు ఇరవై సెకన్లు ఒక్క తీగే మోగింది. ఆ తర్వాత ఆయన ఒక చరణం వదిలేసి ముద్ర ఉన్న చరణంలోకి వెళ్ళిపోయారు. మళ్ళీ పాడతారా అని అడిగితే, "వచ్చినప్పుడు వస్తుంది తల్లీ, దాన్ని లాగకూడదు" అన్నారు. మిక్సింగ్ చేసిన మిత్రుడు ఆ ఇరవై సెకన్లు కత్తిరించమని గట్టిగా చెప్పాడు. తీగ మోత ఒకేలా ఉంది కాబట్టి అతుకు ఎవరికీ తెలియదన్నాడు. నేను ఉంచేశాను. ఆల్బమ్ మొత్తంలో జనం ఎక్కువగా మాట్లాడింది ఆ ఇరవై సెకన్ల గురించే.

విడుదలకు సంబంధించిన తతంగం క్లుప్తంగా చెబుతాను. డిస్ట్రిబ్యూటర్ ద్వారా పాటలు అన్ని వేదికల్లోకీ వెళ్ళాయి. ఫారంలో విభాగం దగ్గర భక్తి, జానపదం అని రెండు గడులు. రెండింట్లో ఒక్కటే ఎంచుకోవాలి. తాతను అడిగితే, "భక్తి అని రాయి, జానపదం అంటే ఆటపాట అనుకుంటారు" అన్నారు. రచయిత గడిలో ముద్ర ఎవరిదైతే వారి పేరు, ముద్ర లేని రెండింటికీ సంప్రదాయం అని రాశాం. ఊళ్ళోవాళ్ళకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాం. విన్నవాళ్ళు మాట్లాడి పంపడానికి ఒక వాట్సాప్ నంబరు పెట్టాం. స్పందనలు నోట్‌బుక్కులో రాసుకుంటూ, ఊరు వెళ్ళినప్పుడల్లా అరుగు మీద కూర్చుని తాతకు చదివి వినిపించేదాన్ని. ప్రతిదానికీ ఆయన మొదట అడిగేది ఒకటే: "ఎవరు? ఏ ఊరు? ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" ఏమన్నారన్నది ఆ తర్వాతే.

మొదట వచ్చినవన్నీ శబ్దం గురించిన ఫిర్యాదులు. సౌండు రావడం లేదని కొందరు, ఏకతార ఎక్కడుందని కొందరు. రెండింటికీ కారణాలు ఉన్నాయి. ఈ రోజుల్లో పాటలను వీలైనంత బిగ్గరగా వినిపించేలా, శబ్దంలోని హెచ్చుతగ్గులను కుదించి తయారుచేస్తారు. స్పాటిఫై మామూలుగా పాటలన్నింటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత) అనే స్థాయికి దగ్గరగా తెస్తుంది. మా పాటలు దానికి చాలా కింద ఉన్నాయి. తాత గొంతులోని హెచ్చుతగ్గులు పోకూడదని వాటిని నేను కుదించనివ్వలేదు. కాబట్టి డప్పులతో దద్దరిల్లే భక్తిపాట ఒకటి విని, వెంటనే మాది విన్నవాళ్ళకు ఫోను పాడైందేమో అనిపించింది. ఏకతార సంగతి వేరు. ఆ తీగ మూలస్వరం 140 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంది. ఫోనులోని చిన్న స్పీకరు అంత కింది స్వరాన్ని సరిగ్గా పలకలేదు. మూలస్వరంతో పాటు పుట్టే పై స్వరాలు మాత్రం సన్నగా వినిపిస్తాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినమని అందరికీ చెప్పాం. అలా మళ్ళీ విన్నవాళ్ళలో ఒకావిడ, మొదటిసారి పాట విన్నానని, రెండోసారి ఆ ఇంట్లో కూర్చున్నట్టు ఉందని చెప్పారు. ఆవిడది ప్రొద్దుటూరు. తాతకు చాలా నచ్చిన స్పందనల్లో అదొకటి.

హైదరాబాదులో ఒక స్టూడియో యజమాని కీచురాళ్ళ శబ్దం ఏ లైబ్రరీలో కొన్నారని అడిగారు, చాలా సహజంగా ఉందట.

ఊళ్ళో విన్న తీరు పూర్తిగా వేరు. ఒక శనివారం రాత్రి రామాలయంలో స్పీకరు పెట్టి భజన బృందానికి వినిపించాం. నేను వాళ్ళ ముఖాలు చూద్దామని ఒక పక్కన కూర్చున్నాను. మొదటి పాట పల్లవి రెండోసారి రాకముందే అందరూ వంత అందుకున్నారు. రెండో పాటకు చిడతలు బయటికి వచ్చాయి. మూడో పాటకు ఒక పెద్దాయన తాళం వేగం పెంచారు. స్పీకరులోని తాత మాత్రం తన నడకలోనే పాడుతున్నారు, పక్కనే కూర్చున్న తాత ఈ కొత్త నడకలో కలిసి పాడుతున్నారు. రికార్డు వినడం, మెచ్చుకోవడం, లోపం చెప్పడం అన్న వరస అక్కడ ఎవరి మనసులోనూ లేదు. పాట మోగుతోంది కాబట్టి పాడాలి, అంతే. పాటలు అయ్యాక మాత్రం ఆడవాళ్ళు నా చుట్టూ చేరి, ఏ పాటలో ఏ చరణం ఎగిరిపోయిందో వరసగా చెప్పారు. అవ్వ దగ్గర నేర్చుకున్నవాళ్ళే వాళ్ళలో చాలామంది. "మేము పాడి ఉంటే వదిలేవాళ్ళం కాదు" అని ఒకామె అవ్వ ముందే అంది. అవ్వ నవ్వుతూ, "నిజమే, నిన్నే కూర్చోబెట్టాల్సింది" అంది.

నగరాల నుంచి వచ్చిన వాటిలో ఎక్కువగా కనిపించిన మాట, ఈ పాటలు వింటే నిద్ర బాగా పడుతోందని. వాళ్ళు మెచ్చుకోలుగానే అన్నారు. పగలంతా పని ఒత్తిడితో ఉండే మనిషికి రాత్రి ఒక గొంతు ఊరటనిస్తే అది చిన్న మేలేమీ కాదు. తాతకు మాత్రం అది నచ్చలేదు. "తత్వం జోలపాట కాదు తల్లీ. నిద్రపోతున్నవాణ్ణి లేపడానికి గురువు పాడింది" అన్నారు. నేను ఇద్దరి పక్షానా ఆలోచించాను. నాకు తాత మాటే సరైనదనిపిస్తుంది. ఈ పాటలు నెమ్మదిగా ఉంటాయి కానీ మెత్తగా ఉండవు. చావును గురించి, గర్వాన్ని గురించి, కులం పేరు చెప్పుకుని మిడిసిపడేవాళ్ళను గురించి ఇంత సూటిగా మాట్లాడే పాటను నేపథ్య సంగీతంగా వాడుకుంటే, వినవలసినది వినకుండానే పాట అయిపోతుంది. అందుకే ఆ తర్వాత పాటల సాహిత్యం కూడా పెట్టాం. పెట్టాక నిద్ర మాటలు తగ్గాయి, అర్థాలు అడిగేవాళ్ళు పెరిగారు.

సంగీతం తెలిసిన ఒక పెద్దమనిషి నుంచి పొడవాటి లేఖ వచ్చింది. రెండు పాటల్లో శ్రుతి జారిందని, వరుసలు తప్పని రాశారు. ఆయన విజయవాడ ఆకాశవాణి వింటూ పెరిగినవారు. 1948లో మొదలైన ఆ కేంద్రం భక్తిరంజని కార్యక్రమం ద్వారా తత్వాలను ఇంటింటికీ చేర్చిన మాట నిజం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి మహావిద్వాంసులు తత్వాలు పాడారు. రేడియోలో ఆ గొంతుతో విన్న వరుస ఒక తరానికి అసలు వరుస అయి కూర్చుంది. రేడియో చేసిన ఆ మేలును నేను ఎన్నడూ తక్కువ చేయను. అది లేకపోతే ఎన్నో పాటలు ఊరు దాటేవే కావు. అయితే ఒక తత్వానికి ఒకే వరుస ఉండాలన్న పట్టింపు మాత్రం రికార్డింగు తెచ్చినదే. తాత గురువు నేర్పిన వరుస రేడియో వరుసకు తప్పు రూపం కాదు, పక్కనే సాగుతూ వచ్చిన మరో బాట. లేఖ మొత్తం చదివి వినిపించాను. తాత శ్రుతి సంగతి ఒప్పుకున్నారు, ఆ రోజు గొంతు బాగాలేదన్నారు. వరుస సంగతికి ఒక్కటే అన్నారు: "ఆయన విన్నది ఆయన పాడుకోవచ్చు. నేను విన్నది నేను మార్చకూడదు."

దేవుణ్ణి నమ్మనని చెప్పుకునే మిత్రులు కొందరు ఈ పాటల్ని ఎంతగానో మెచ్చుకున్నారు. కులాన్ని, పూజారితనాన్ని, రాతి బొమ్మల చుట్టూ తిరగడాన్ని నిలదీసే చరణాలను ఏరి రాసి పంపారు. నాకు సంతోషమే. కానీ వాళ్ళు ఏరిన చరణాల పక్కనే, గురువు పాదాలు పట్టుకోనిదే దారి లేదనే చరణాలు ఉన్నాయి. వాటిని ఎవరూ ఏరలేదు. తాత దృష్టిలో ఆ రెండూ ఒకే మాట. గురువును నమ్మినవాడు కాబట్టే కులాన్ని లెక్కచేయనవసరం లేదు. దూదేకుల కులంలో పుట్టిన సిద్ధయ్యను శిష్యుడిగా చేసుకున్న గురువు పరంపర ఇది. నమ్మకాన్ని తీసి పక్కన పెట్టి విమర్శను మాత్రమే ఉంచుకుంటే పాట బతుకుతుందేమో కానీ, పాడేవాళ్ళు మిగలరని నా అభిప్రాయం.

సిద్ధయ్య ముద్ర ఉన్న పాట విని, కర్నూలు వైపు నుంచి ఒక దూదేకుల కుటుంబం ఆవిడ ఫోను చేశారు. వాళ్ళ తాతగారు ఆ పాటను ఇంట్లో పాడేవారట, ఆయన పోయాక మళ్ళీ వినలేదట. మాట్లాడుతూనే పల్లవి పాడి వినిపించారు. వరుస వేరు, నడక దాదాపు ఇదే. ఒక పాస్టరుగారు మూడో పాట వరుసను తమ సాయంకాల ప్రార్థనలో పాడే ఒక పాత కీర్తనతో పోల్చి, రెండూ పాడి పంపారు. ఇందులో ఆశ్చర్యం లేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కాలం నుంచీ తెలుగు క్రైస్తవ కీర్తనలు మన రాగతాళాల్లోనే నడిచాయి. కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ పాట పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి. తాత ఆ కీర్తన రెండుసార్లు విని, తన ఏకతార తీసి దానికి శ్రుతి పట్టారు.

మనసును బరువెక్కించిన స్పందన ఒకటి ఉంది. తల్లి ఆఖరి రోజుల్లో ఉందని, ఆమె దగ్గర ఈ పాటలు పెట్టవచ్చా అని ఒకతను అడిగాడు. మా పల్లెల్లో మనిషి పోయిన రాత్రి భజన బృందం వచ్చి తెల్లవార్లూ తత్వాలు పాడటం ఉన్నదే. బతికి ఉండగా పెట్టవచ్చా అన్నది అతని సందేహం. వెంటనే జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు, తాతకు ఫోను కలిపాను. ఆయన ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. ఆమెకు చెవి వినిపిస్తోందా అని అడిగారు. వినిపిస్తోందన్నాడు. అయితే నాలుగోది, ఏడోది పెట్టు నాయనా, ఆరోది పెట్టవద్దు, అది గురుపూజ రోజు పాడేది అన్నారు. చిన్నగా పెట్టు, పక్కన కూర్చుని నువ్వూ పాడు, రాకపోయినా పరవాలేదు అన్నారు. అతను అలాగే చేశాడు. పది రోజుల కర్మలు అయ్యాక మళ్ళీ ఫోను చేసి, ఏడో పాట ఇప్పుడు తనకు నోటికి వచ్చని చెప్పాడు.

ఇక ఆ ఇరవై సెకన్లు. నెట్ ఆగిపోయిందనుకుని పాట మార్చేసినవాళ్ళు ఉన్నారు. పాట అయిపోయిందనుకున్నవాళ్ళు ఉన్నారు. అక్కడికి వచ్చేసరికి తెలియకుండానే కళ్ళు మూసుకున్నామని రాసినవాళ్ళు ఉన్నారు. డల్లాస్‌లో ఉండే ఒక తండ్రి, కారులో వెళుతుంటే తన కూతురు సరిగ్గా ఆ చోట "తాతగారు ఏం ఆలోచిస్తున్నారు?" అని అడిగిందని రాశారు. ఆ పాప ప్రశ్న చదివి తాత చాలాసేపు నవ్వారు.

అన్నిటికంటే ముఖ్యమైనది కువైట్ నుంచి వచ్చింది. మా వైపు నుంచి, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు పనికి వెళ్ళినవాళ్ళు ఎందరో. అక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా పనిచేసే అతను వాయిస్ మెసేజ్ పంపాడు. పలకరింపు లేదు, పరిచయం లేదు. వెనకాల మా ఐదో పాట మోగుతోంది. రెండో చరణం అయింది. ఏకతార ఒక్కటే మిగిలిన ఆ చోటు వచ్చింది. అతను గొంతెత్తి, అదే శ్రుతిలో, తాత వదిలేసిన చరణం పాడాడు. తొమ్మిది వాకిళ్ళ ఇంట్లో కాపలా ఉన్నవాణ్ణి గుర్తుపట్టమనే చరణం అది. ఇరవై సెకన్లు చాలలేదు. ఆఖరి పాదం తాత పాడే ముద్ర చరణం మీద పడింది. అయినా ఆపకుండా పూర్తిచేశాడు.

అది తాతకు వినిపించిన రోజు అవ్వ కూడా పక్కనే ఉంది. మూడుసార్లు పెట్టించుకున్నారు. ఆయన సంతోషిస్తారని నేను అనుకున్నాను. ఆయన ముఖంలో సంతోషం కంటే పరీక్షగా వినడమే కనిపించింది. "ఇది మన చరణం కాదు. మనది వేరే. కానీ ఇదీ ఉంది" అన్నారు. ఫోను చేయమన్నారు. అక్కడ డ్యూటీ అయ్యేదాకా ఆగి చేశాం. "ఎవరి దగ్గర నేర్చుకున్నావు నాయనా?" అన్నది మొదటి ప్రశ్న. అతను వాళ్ళ పెద్దనాన్న పేరు, ఊరి పేరు చెప్పాడు. తాత ఆ ఊరి నుంచి వెనక్కి, ఆ పెద్దనాన్న గురువు దాకా, ఆ గురువు దీక్ష తీసుకున్న చోటు దాకా అడుగుతూ వెళ్ళారు. ఒకచోట రెండు పరంపరలూ కలిశాయి. అక్కడ తాత గొంతు మారింది. అంతవరకు నాయనా అన్నవారు "స్వామీ" అని పిలవడం మొదలుపెట్టారు. ఒకే గురువు పరంపరలో ఉన్నవాళ్ళు వయసు చూడరు. అవతల అతను మాట్లాడలేక ఊరుకున్నాడు.

ఫోను పెట్టేశాక తాత గూట్లోంచి తన పుస్తకం తీశారు. కొట్లలో వాడే పొడవాటి ఖాతా పుస్తకం, పాత క్యాలెండరు కాగితంతో అట్ట. ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచీ ఆ పుస్తకం చూస్తూనే ఉన్నాను కానీ పాటలు మాత్రమే చూశాను. ఆ రోజు అంచులు చూశాను. ప్రతి పాట పక్కన, కొన్నిచోట్ల ప్రతి చరణం పక్కన, చిన్న అక్షరాలతో ఒక వాక్యం: ఫలానా ఊరి స్వామి చెప్పగా రాసుకున్నది, ఫలానా ఆరాధనలో విన్నది, మా అమ్మ పాడేది. కొన్ని చరణాలకు కింద మరో చరణం, దాని కింద మరొకటి, మూడింటికీ వేర్వేరు ఊళ్ళు. విన్నవాళ్ళ స్పందనలు రాసుకోవడం నేను చేస్తున్న పని అనుకున్నాను. ఆయన యాభై ఏళ్ళుగా చేస్తున్నారు. తత్వం విన్నవాడు బాగుందనో బాగాలేదనో చెప్పి ఊరుకోడు, తనకు తెలిసిన చరణం తిరిగి పాడతాడు. అది రాసుకుంటారు. అదే స్పందన.

ఆ చరణాన్ని ఆల్బమ్‌లో కలుపుదామా అని అడిగాను. వద్దన్నారు. ఒక చోట నేర్చుకున్న పాటలో మరో చోటి చరణం అతికించి పాడకూడదు, పక్కన రాసుకోవాలి అన్నారు. పుస్తకంలో ఐదో పాట అంచున డ్రైవరు పెద్దనాన్న పేరు, ఊరి పేరు, కింద చరణం రాయించారు. ఆయనకు చూపు ఆనడం లేదు కాబట్టి రాసింది నేను. రాశాక ఒక్కో మాటా చదివించుకుని, ఒకచోట దీర్ఘం దిద్దించారు.

దాంతో నేను పని తీరు మార్చాను. విన్నవాళ్ళు పంపిన వాటిని మెచ్చుకోళ్ళు, ఫిర్యాదులు అని విడదీయడం మానేశాను. ఇప్పుడు పాటల వారీగా విడదీస్తున్నాను. ఏ పాటకు ఏ ఊరి నుంచి ఏ చరణం వచ్చింది, ఏ వరుస వచ్చింది, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు. పాడి పంపినవాళ్ళ అనుమతితో ఆ రికార్డింగులను కూడా సాహిత్యం పక్కనే పెడుతున్నాం. కర్నూలు ఆవిడ పల్లవి ఉంది. మా ఊరి ఆడవాళ్ళు చెప్పిన ఎగిరిపోయిన చరణాలు వాళ్ళ గొంతులతోనే ఉన్నాయి. డ్రైవరు చరణం, కారు ఏసీ శబ్దంతో సహా అలాగే ఉంది. దాన్ని శుభ్రం చేయమని మిక్సింగ్ మిత్రుడు ఈసారి అడగలేదు.

రెండో పాటలో ముద్ర లేదు. ముద్ర ఉన్న చరణం ఎక్కడో జారిపోయిందని తాత అనుమానం. ఆయన పుస్తకంలో ఆ పాట కింద సగం పేజీ ఖాళీగా వదిలి ఉంది. ఎవరింట్లోనైనా, ఏ భజన బృందంలోనైనా ఆ పాట ఆఖరి చరణంతో సహా పాడేవాళ్ళు ఉంటే, ఫోనులోనే అయినా సరే పాడి పంపండి. శ్రుతి, గొంతు ఎలా ఉన్నా పరవాలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊరో మాత్రం తప్పకుండా చెప్పండి, తాత మొదట అడిగేది అదే.